అమ్మ అడిగిన ఏడో రోజు

ఏం లెక్కే అది? క.సా.గు.నా? అబ్బో. ఇటివ్వు... వద్దులే, నువ్వే చదువు, కళ్ళజోడు ఎక్కడ పడేశానో ఏమో. ఆరూ ఎనిమిదీనా! ఇన్ని అంకెలుండగా నీకు అవే దొరికాయా తల్లీ? మా అమ్మని కాల్చుకు తిన్న అంకెలవి. అదే, మీ తాతమ్మ. నువ్వు చూడలేదులే. ఆసుపత్రిలో ఆయాగా చేసేది, అక్కడే ఒక గదిలో ఉండేది. నాన్నేమో ఊరవతల నీళ్ళ పంపుల దగ్గర, ఆ మోటార్ల పక్కనే పడక. నేనేమో ఇంట్లో, మా అమ్మమ్మ దగ్గర. నాన్నకి ఆరో రోజు సెలవు, అమ్మకి ఎనిమిదో రోజు. సెలవైతేనే ఇల్లు. ఇద్దరూ ఒకేసారి ఇంట్లో ఉండాలంటే ఇరవై నాలుగో రోజు రావాలి. మొగుడూ పెళ్ళాలు అలా బతికారంటే నమ్ముతావా?

ఓసారి నేను ఇలాగే లెక్కలు చేసుకుంటుంటే అమ్మ పక్కన చతికిలబడి చూసింది. ఆరంటే రెండూ మూడూ. ఎనిమిదంటే రెండూ రెండూ రెండూ. "ఇందులో మూడు లేదు, అదీ మన దరిద్రం" అంది. పన్నెండైతే? రెండూ రెండూ మూడూ. అందులో ఆరు మొత్తం ఇమిడిపోయింది. ఇద్దరూ కలిసి ఉన్న సెలవు అవగానే పోయి, ఇక నుంచి నాకు పన్నెండో రోజే సెలవివ్వమని అడిగింది. పెద్ద నర్సమ్మ నోరెళ్ళబెట్టింది. "అందరూ సెలవులు పెంచమంటారు, నువ్వేంటే తగ్గించమంటావు? మతిగానీ పోయిందా?" ఇచ్చిందిలే. అమ్మ వచ్చిన ప్రతిసారీ నాన్న ఉండేవాడు. ఏం చేసేవాళ్ళనుకున్నావు, ఏమీ లేదు, ఇద్దరూ కూర్చుని కూరగాయలు తరుక్కునేవాళ్ళు. అవే మా ఇంట్లో మంచి రోజులు.

ఏమంటున్నాను... ఆఁ. తర్వాత పంపుల దగ్గర పద్ధతి మార్చారు. ఏడో రోజు సెలవు. ఏడేమో దేనికీ లొంగదు కదా, పన్నెండుతో కలవాలంటే ఎనభై నాలుగు. అమ్మ మళ్ళీ పరిగెత్తింది. "నాకూ ఏడే కావాలమ్మగారూ." నర్సమ్మ విసుక్కుంది. "సరే పో, రేపే మొదటి సెలవు. ఇంకోసారి ఈ మాట ఎత్తావో, ఇంటికే పంపిస్తా." ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. వస్తే, నాన్న సెలవు అంతకుముందు రోజే అయిపోయింది.

అర్థమైందా? అంకె ఒకటే. మొదలైన రోజు వేరు. ఇక ఎన్నేళ్ళు తిరిగినా కలవవు. నాన్నని సెలవు మార్చుకోమంటే, ఆయన బదులు పనిచేసే మనిషి ఆ ఒక్క రోజే వస్తాడట. ఆయన సాయంత్రం ఆఖరి బస్సుకి పోయేవాడు, ఈవిడ పొద్దున మొదటి బస్సుకి దిగేది. ఆయన తాగిన గ్లాసు నన్ను కడగనిచ్చేది కాదు, తనే కడుక్కునేది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుందే, ఎవరి మీదో కూడా తెలీదు.

ఓ సాయంత్రం గుండెల్లో పట్టేసినట్టుందని నాన్న బస్సు ఎక్కలేదు. తెల్లారకముందే ప్రాణం పోయింది. అమ్మకి కబురు పంపే పని కూడా లేకపోయింది, ఆమె సెలవే కదా. మొదటి బస్సు దిగి వచ్చింది. గుమ్మంలో నాన్న చెప్పులు కనబడ్డాయి. ఎంత సంతోషంగా అరిచిందో! "ఏవండీ, ఇవాళ ఆగిపోయారా?"

...

ఆ లైటెయ్యవే, చీకటి పడుతోంది.