గొంతు లేకుండా చెప్పిన పులి కథ

లేదు తల్లీ, నేను లేవను. గొడుగు మర్చిపోయానని మా మనవరాలితో చెప్పి లోపలికొచ్చానా, అది ఉత్త అబద్ధం. గొడుగు దాని చేతిలోనే ఉంది. ఏం, నవ్వుతావేం? చెవుల పరీక్షలు చేసేదానివి, నువ్వే నా మాట వినకపోతే ఇంకెవరు వింటారు?

అయ్యయ్యో, ఆ కంప్యూటరు వైపు తిరక్కు! ఇటు తిరిగి మాట్లాడు. నా చెవులు మగ్గాల మిల్లులోనే ఎప్పుడో పోయాయి. నేను వినేదంతా కళ్ళతోనే.

ఆఁ, ఇప్పుడు చెప్పు. ‘నార్మల్’. అదే కదా రాసిచ్చావు? ఆ కాగితం పట్టుకుని మా పిచ్చుక, అదే నా మనవరాలు, వరండాలో మురిసిపోతోంది. సోమవారం నుంచి పెద్ద పాటల కచేరీల కంపెనీలో ఉద్యోగం. ఊరూరా తిరిగి, ఇంతింత స్పీకర్ల పక్కన నిలబడి సౌండు సరిచేసే పని. పదహారో ఏటి నుంచీ దానికదే పిచ్చి. ఇంటికొస్తే మళ్ళీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇరవై రెండేళ్ళ పిల్ల! దాని అన్నం దాని చెవుల్లోనే ఉంది. అందుకే అడుగుతున్నా, ఇంకోసారి చూడు.

ఎందుకా? నేను పట్టుకున్నా కనక! నీ పరీక్షల గాజు గదికి దొరకనిది ఈ ముసలాడికి దొరికింది.

మా షెడ్డులో వెయ్యి మగ్గాలమ్మా. సరే, మూడొందలు. అవన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కన పిడుగు పడినా తెలిసేది కాదు. మరెలా మాట్లాడుకుంటాం? పెదాలతో. గొంతు దండగ. అందులో నన్ను మించిన మొనగాడు పుట్టలేదు, ఇక పుట్టడు. గోడ మీద బల్లి నోరు మెదిపినా, ఎవణ్ణి తిట్టిందో చెప్పేవాణ్ణి! ఒకసారి మేనేజరు అద్దాల గదిలో కూర్చుని, రేపట్నుంచి పనిగంటలు పెంచుదామని ఎవరితోనో అన్నాడు. ఆయన గుమ్మం దాటేలోపల షెడ్డు షెడ్డంతా ఆగిపోయింది. ఎవడు చెప్పాడ్రా అని జుట్టు పీక్కున్నాడు. ఆయన బట్టతల ఆ రోజే మొదలైంది.

వస్తున్నా, విషయానికే వస్తున్నా.

మిల్లులో కొత్తగా చేరినవాడి చూపు ఎలా మారుతుందో నాకు తెలుసు. ముందు మన కళ్ళలోకి చూస్తాడు. కొన్నాళ్ళకి ఆ చూపు మెల్లగా కిందికి జారి నోటి మీద వాలుతుంది. వాడికే తెలీదు. మొన్నామధ్య మా పిచ్చుక చూపు అలా వాలింది.

అనుమానం పెనుభూతం కదా. ఊరుకుంటానా? పరీక్ష పెట్టా!

నా పులి కథ నీకు తెలీదుగా. సర్కస్ నుంచి తప్పించుకున్న పులి మా షెడ్డులో దూరి గాండ్రించింది. ఆ మోతలో ఎవడికి వినపడి చచ్చింది? నేనొక్కణ్ణే దాని నోరు చూశా. ‘బాబూ, తలుపెటు?’ అంటోంది. చెయ్యి చూపించా. దండం పెట్టి వెళ్ళిపోయింది. నవ్వు, నవ్వు.

మొన్న వంటింట్లో కూర్చుని అదే కథ మొదలుపెట్టా. టీవీ మోగుతోంది, కుళాయి పారుతోంది, కోడలు అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది. పిచ్చుక నా ఎదురుగా. పులి నోరు తెరిచేదాకా గొంతుతో చెప్పా. అక్కడ గొంతు కట్టేశా. ఇక ఉత్త పెదాలే. తెలిసిన కథేగా, అలవాటు కొద్దీ నవ్వేస్తుందేమోనని ముగింపు కూడా మార్చేశా. పులి చేత ‘ఈ గోలలో ఎలా బతుకుతున్నార్రా మీరు?’ అనిపించా.

పడీ పడీ నవ్వింది తల్లీ!

కోడలు తడి చేతుల్తోనే ఇటు తిరిగింది. ‘ఏం మామయ్యా, పులి దగ్గర ఆపేశారేం?’ అంది.

మా పిచ్చుక ఏమందో తెలుసా? ‘ఆపలేదుగా అమ్మా, పులి ఎంత బాగా అడిగిందో!’

చూశావా? చప్పుడే లేని మాటని విన్నాననుకుంది.

నీ చెవి మందగిస్తోందే అని దానితో చెప్పా, చెప్పకుండా ఉంటానా? ‘ఇది పులి కథకి రెండో భాగమా తాతయ్యా?’ అని నా బుగ్గ గిల్లి పోయింది. ఇంట్లో నా మాటకున్న విలువ అదీ. జన్మంతా గోరంతలు కొండంతలు చేశా. ఇప్పుడు నిజంగా కొండే ఎదురొస్తే, గోరంతై ఉంటుందిలే అంటున్నారు.

ఏమిటీ? మెల్లగా చెప్పు. పరీక్ష కాగితం మీది గీత చివర్లో చిన్న గుంట ఉందా? సన్నటి కీచు శబ్దాల దగ్గర? లెక్క ప్రకారం నార్మల్లోకే వస్తుంది గానీ, మోత దెబ్బ మొదట తగిలేది అక్కడేనా? ఆఁ, గోల మధ్య మాటలు వినిపించి తిరిగి చెప్పమనే పరీక్ష వేరే ఉందా? నిశ్శబ్దంలో చక్కగా విన్నవాళ్ళు కూడా అక్కడ తడబడతారా? మరి పెట్టవేం తల్లీ! కంపెనీ అడగలేదా? నేనడుగుతున్నాగా!

పోయింది తిరిగిరాదు, నాకు తెలీదూ? ఉన్నదైనా కాపాడుకుంటుంది కదా. చెవులకి అడ్డు పెట్టుకుంటుంది, స్పీకర్లకి ఎడంగా నిలబడుతుంది.

పిలవమంటావా? ఇప్పుడేనా?

ఉండు. ఒక్క మాట. మొన్నామధ్య దాని చూపు వాలిందన్నానే, మొన్న కాదు. ఏడాదవుతోంది. నా కథ మొదలవగానే ఇంట్లో అందరికీ పనులు గుర్తొస్తాయి. ఇదొక్కతే కదలకుండా, రెప్ప వెయ్యకుండా నా మొహమే చూస్తూ కూర్చునేది. ఇన్నాళ్ళకి నాకూ ఒక శ్రోత దొరికిందిరా అని పొంగిపోయా. కథలు సాగదీశా. ఆ పులికి రెండు పిల్లల్ని కూడా పుట్టించా. నాకు తెలిసిన చూపే తల్లీ అది. తెలీనట్టు కూర్చున్నా.

సరే, పిలుస్తా. అదిగో, అద్దంలోంచి చూడు, ఆ జనంలో వీపు ఇటు పెట్టి కూర్చుంది. ఇక్కణ్ణుంచి అరిచి లాభం లేదు. ఎదురుగా వెళ్ళి నిలబడాలి. ఈసారి పులి లేకుండా చెప్పాలి.

అదే నాకు చేతకాదు.