ఎరుపు తీసేసిన ఫోటోలు

హలో… ఆ, నేనే, అక్కని… ఏడుపా? నవ్వుతున్నాన్రా. కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఏమీ లేదట… అదే, గొట్టం వేసి చూసిన పరీక్ష. కడుపు అద్దంలా ఉందన్నాడు డాక్టరు. ఆయనకి రెండు దండాలు పెట్టా, గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా ఒకటి పెట్టి తిన్నగా స్టూడియోకొచ్చా.

కానీ ఒకటుందిరా. రక్తపరీక్షలో తేలింది… కంగారుపడకు, పుట్టుకతో వచ్చేదే. మందు తాగితే ఒంట్లో విషంగా మారుతుందట. ఆ విషాన్ని విరిచే ఎంజైమేదో కొందరిలో సరిగ్గా పనిచెయ్యదు… ఆ, నేను ఆ బాపతే. గుక్కెడు తాగగానే మొహం ఎర్రబడేది అందుకేనట. అలాంటివాళ్లు తాగుతూ పోతే కడుపు క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

…నాన్నకి ఆ క్యాన్సర్ వచ్చింది అందుకేనా అంటే, అది చెప్పలేనన్నాడు.

నీకూ ఉందని నాకెలా తెలుసంటావా? మనింటి ఫోటోలన్నీ పదేళ్లుగా దిద్దుతున్నది ఎవర్రా? నాన్న మొహంలో ఎరుపు తీసేశా. నీ పెళ్లి విందులో నీ చెవుల ఎరుపూ తీసేశా. మీ అత్తగారు నిన్ను అందగాడనుకుంటోందంటే నా చేతి చలవే. ఇప్పుడు అసలువి తెరిచి చూస్తున్నా. గ్లాసు పట్టుకున్న ప్రతిదాంట్లో తండ్రీకొడుకులిద్దరూ మందారాలే.

…అలవాటైపోయిందా? ఇప్పుడు ఎర్రబడటం లేదా? మొహానికి అలవాటైంది నాయనా, కడుపుకి కాదట. ఆర్నెల్లుగా మంట మంట అని మాత్రలు మింగుతున్నది ఎవరు?

నువ్వూ చూపించుకోవాలి… రానంటే ఆ పెళ్లి ఫోటో దిద్దకుండా గోడంత ప్రింటు తీసి షోకేసులో పెడతా. నా సంగతి తెలుసుగా.

సరే, విను. రేపు పొద్దున్నే వెళ్దాం. ఇవాళ రాత్రి నుంచి ఏమీ తినకూడదు, నీళ్లు కూడా—

…ఏంటి?

పొద్దుటి నుంచీ తినలేదా… మంచినీళ్లూ ముట్టలేదా… ఎందుకురా?

…ఎక్కడున్నావు నువ్వు?

దొంగవెధవా. అదే పరీక్షకి ఆస్పత్రిలో కూర్చుని నన్ను ఇంతసేపు వాగనిచ్చావా… ఎన్నో నంబరు?… తర్వాత నువ్వేనా?

…భయంగా ఉందా. నాకూ వేసిందిరా. చాలా వేసింది. బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చున్నా. పది నిమిషాల్లో నీ పక్కనుంటా, ఇదిగో షట్టరు దించుతున్నా—

…పిలిచేశారా?

వెళ్లు. ఆగు, ఆ ఫోన్ అక్కడెవరున్నారో వాళ్లకియ్యి… ఇయ్యరా.

…అమ్మా, మీరెవరో తెలీదు. వాడు నా తమ్ముడు. నేను వచ్చేదాకా కాస్త వాడి చెయ్యి పట్టుకోండి… ఆ, ఉంటానమ్మా, పరిగెడుతున్నా.