పన్నెండో పేరా

"ఈ తీర్పుల పుస్తకంలో తొమ్మిది పేజీలు బ్లేడు పెట్టి కోసిందెవరు మేడమ్? రెండేళ్ళ నుంచి అడుగుతున్నాను, మీరొక్కసారీ చెప్పలేదు."

(రాజమండ్రి, ఒక లా కాలేజీ గ్రంథాలయం. 2005 జులై, మధ్యాహ్నం. లైబ్రేరియన్ కనకవల్లి, ఆఖరి సంవత్సరం విద్యార్థిని దుర్గాశ్రీ, ఒక కంప్యూటరు.)

"పాత పుస్తకాల గొడవ ఇప్పుడెందుకు దుర్గాశ్రీ? ఆన్‌లైన్ డేటాబేస్ వచ్చిందిగా. మీకు విడిగా లాగిన్‌లు కూడా ఇచ్చారు. అందులో వెతుక్కో."

"అందులో దొరికింది కాబట్టే అడుగుతున్నానండి. పోయిన తొమ్మిది పేజీలూ ఇవే. చంద్రరావు వర్సెస్ స్టేట్, 1968. 'మరణ వాంగ్మూలం', 'జాప్యం' అని కొట్టాను. మొదటి వరసలోనే వచ్చింది."

"మూసెయ్."

"ఏంటండీ?"

"కరెంటు పోయేలా ఉంది. మూసెయ్."

"కరెంటుకేం, బాగానే ఉందండీ. ప్రింటు తీసుకుని వెళ్ళిపోతాను. రేపు పదిన్నరకి కోర్టులో మా సీనియర్ ఉదయ్‌భాస్కర్ గారి చేతిలో ఉండాలి. జంగారెడ్డిగూడెం కేసు. కోడలు కాలిపోయింది, మొగుడు ముద్దాయి. మేం మొగుడి తరఫు."

"సాక్షి ఎవరు?"

"పక్కింటావిడ ఒక్కతే. దీనమ్మ అని, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పోయేముందు ఆ అమ్మాయి తనతో చెప్పిందంటుంది, మొగుడే నిప్పంటించాడని. కానీ నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో కూడా చెప్పలేదు. ఈ తీర్పు సరిగ్గా దానికే పనికొస్తుంది. హెడ్‌నోట్ చదవనా?"

"వద్దు."

"రెండు లైన్లేనండి…"

"అందరూ చదివేది ఆ రెండు లైన్లే. తీర్పు నెత్తిన అచ్చేసే ఆ సారాంశం దాటి కిందికి దిగినవాణ్ణి నేను చూడలేదు. 'మరణ వాంగ్మూలం విన్న ఏకైక సాక్షి మూడు రోజులు మౌనంగా ఉండి, ఆ జాప్యానికి సంజాయిషీ ఇవ్వనప్పుడు, ఆ సాక్ష్యం మీద ఆధారపడి శిక్ష విధించరాదు.' అవునా?"

"మాట తేడా లేదు. స్క్రీను చూడకుండానే చెప్పేశారు."

"దాని కింద ఇంకో వరస ఉండాలి. ఎన్ని తీర్పులు దీన్ని ఆధారం చేసుకున్నాయో ఆ యంత్రం చెబుతుందటగా."

"చెబుతుందండి. ముప్పై ఏడు."

"ముప్పై ఏడా?"

"మీరు ఎన్ననుకున్నారు?"

"నాకు పదకొండే తెలుసు. పేర్లు చదువు."

"అన్నీనా? సరే… మొదటిది…"

"విడుదలైనవాళ్ళవి కాదు. చచ్చిపోయినవాళ్ళవి."

"వాళ్ళ పేర్లు పైన ఉండవండి. కేసు ముద్దాయి పేరు మీదే ఉంటుంది. ఇందులోనూ అంతే, మొదటి నుంచి చివరిదాకా 'మృతురాలు' అనే."

"రత్నమాణిక్యం."

"ఎవరండీ?"

"ఆ మృతురాలు. ఇరవై రెండేళ్ళు. ఎడం చేత్తో ముగ్గు పెట్టేది. అత్తగారు కసిరితే కుడి చేతికి మార్చేది. ఆవిడ లోపలికెళ్ళగానే మళ్ళీ ఎడం చెయ్యే."

"ఈ తొమ్మిది పేజీల్లో ఆ పేరెక్కడా లేదు మేడమ్. మీకెలా…"

"పేజీలు కోసింది నేను. 1975లో, ఈ ఉద్యోగంలో చేరిన రెండో వారం."

"మీరా? పేజీ మూల మడిచానని నన్ను వారం రోజులు లోపలికి రానివ్వలేదు మీరు."

"రానివ్వలేదు. మళ్ళీ మడిస్తే మళ్ళీ రానివ్వను. పన్నెండో పేరా తియ్యి. చదువు."

"పన్నెండు… 'మూడవ సాక్షి పద్దెనిమిది సంవత్సరముల అవివాహిత. జాప్యమునకు కారణమేమని ముద్దాయి తరఫు న్యాయవాది మూడు పర్యాయములు ప్రశ్నించగా, ఆమె మౌనము వహించినది. సత్యము చెప్పదలచిన వ్యక్తికి ఇట్టి మౌనము అసహజము' అని… మేడమ్."

"ఊఁ."

"మూడో సాక్షి మీరా?"

"నేనే. సెషన్స్ జడ్జిగారు నన్ను నమ్మారు. యావజ్జీవం వేశారు. హైకోర్టు ఆ ఒక్క పేరాతో చంద్రరావుని ఇంటికి పంపించింది. మా పక్కింటికి."

"అసలు మూడు రోజులు ఎందుకు చెప్పలేదండీ మీరు?"

"ఆ ప్లీడరు కూడా సరిగ్గా ఈ గొంతుతోనే అడిగాడు."

"అయ్యో, నేను అలా…"

"తప్పేం లేదు, అడగాల్సిందే. మాది కోనసీమలో ఒక అగ్రహారం. నెలసరి వస్తే మూడు రోజులు పెరటి వసారాలో కూర్చోబెట్టేవారు. చాప వేరు, కంచం వేరు, చెంబు వేరు. గోడకవతల చంద్రరావు వాళ్ళ పెరడు. ఆ వేళ మధ్యాహ్నం రెండిళ్ళలోనూ పెద్దవాళ్ళు భోజనాలు చేసి నడుం వాల్చారు. మంటల్లోంచి ఆవిడ పెరట్లోకి పరిగెత్తుకొస్తే ఇవతల ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. 'కనకా, ఆయనే గడియ పెట్టి కిరసనాయిలు పోశారే' అంది. అక్కడ కూర్చున్నాను కాబట్టి విన్నాను. అక్కడ కూర్చున్నాను కాబట్టే చెప్పలేకపోయాను."

"ఎవరికీనా? మీ అమ్మగారికి కూడానా?"

"రాత్రి అన్నం పెట్టడానికి వచ్చినప్పుడు చెప్పాను. అమ్మ అంతా విని, పైనుంచి కంచంలో మజ్జిగ పోసి, 'నాలుగో రోజు స్నానం అయ్యాక నాన్నగారితో చెబుదువుగాని. ఇప్పుడు పోలీసులొస్తే నిన్నెక్కడ నిలబెట్టమంటావు?' అంది. నాలుగో రోజు స్నానం చేసి చెప్పాను."

"అదే కోర్టులో చెప్పుంటే…"

"కోర్టు హాలు నిండా మగవాళ్ళు. రెండో వరసలో మా నాన్న శ్రీరామమూర్తిగారు, తల వంచుకుని. చెప్పొద్దని నాతో ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేదు, ఆ మాట నోట రాకుండానే పెంచారు. కానీ దుర్గాశ్రీ, ఆ హాల్లో ఉన్న ప్లీడర్లలో సగం మంది ఇళ్ళల్లో అలాంటి వసారాలున్నాయి. పద్దెనిమిదేళ్ళ పిల్ల, సరిగ్గా మూడు రోజులు, పెరట్లో ఉంది. ఒక్కడికీ తట్టలేదంటావా? తట్టింది. అడగడానికి సిగ్గుపడ్డారు. వాళ్ళ సిగ్గుని నా అబద్ధం కింద రాసుకున్నారు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? కేసు దొరకలేదని మా సార్‌తో అనలేనండి."

"అనొద్దు. దాచడం ఒకసారి నేను చేశాను. బ్లేడుతో తీర్పు చావలేదు, దాని పక్కన నేను రాసిపెట్టాల్సిన సంజాయిషీయే చచ్చింది. ప్రింటు తీసుకెళ్ళి మీ సార్‌కి ఇవ్వు. నాకో కాపీ తియ్యి. రేపు తొలి బస్సుకి వెళ్ళి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని కలుస్తాను. ఆ నాలుగు రోజులూ దీనమ్మ ఎక్కడుందో, ఎవరి అదుపులో ఉందో, బోనులో నిలబెట్టి ఆవిణ్ణే అడగమంటాను."

"అడిగితే మా కేసు పోతుందండి."

"పోవచ్చు. ఆవిడ దగ్గర కారణమే లేకపోతే గెలవనూ గెలవచ్చు. అడక్కుండా మాత్రం గెలవకండి."

"మీకు చెప్పింది నేనని మా సార్‌కి తెలిస్తే, రేపట్నుంచి ఆఫీసుకి రావద్దంటారు."

"తెలుస్తుంది. ముందు ఆయనకే చెబుతాను, చాటున చేసే పని కాదిది. భయమేస్తే ఇప్పుడే లేచి వెళ్ళు. ఆ మూడు రోజుల సంజాయిషీ నేనే రెండు వేళ్ళతో టైపు చేసుకుంటాను, కాస్త ఆలస్యమవుతుంది."

"…కీబోర్డు నా దగ్గరే ఉండనివ్వండి. ఎవరికని రాయను?"

"ఈ తీర్పు చదివేవాళ్ళకి అని రాయి. ప్రింటు పైన కుట్టడానికి. సంతకం నాది. ఇప్పుడు చెప్పిందంతా పొడి మాటల్లో పెట్టు."

"పెట్టానండి. ఒక్క సందేహం మేడమ్. పదకొండో పేరాలో, మృతురాలు మిమ్మల్ని ఇంకేదో అడిగిందనీ, అదేమిటో జ్ఞాపకం లేదని మీరు చెప్పారనీ ఉంది."

"ఉంటుంది."

"నిజంగా జ్ఞాపకం లేదా?"

"ప్రింటర్లో కాగితాలున్నాయా?"

"ఉన్నాయండి. జ్ఞాపకం లేదా?"

"టైమెంతయింది?"

"రెండూ పది."

"ముప్పై తొమ్మిదేళ్ళుగా ఈ వేళకి వినబడుతూనే ఉంది. ఎవరైనా ఉన్న గదిలోకి వెళ్ళి కూర్చుంటాను. అయినా వినబడుతుంది. రాయి. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, ఏడవకు, తప్పులు పడతాయి. 'రత్నమాణిక్యం నన్ను మంచినీళ్ళు అడిగింది. నా పక్కన నిండు చెంబు ఉంది. అది మైల చెంబు. ఒళ్ళు కాలిపోయిన మనిషికి నా మైల అంటుతుందని నేను ఇవ్వలేదు. కోర్టులో అడిగితే జ్ఞాపకం లేదన్నాను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇది చదువుతున్న మీరు నా మీద జాలిపడకండి. కాగితం కింద పెట్టి లేవండి. మీ ఇంట్లో ఇవాళ విడిగా ఎవరిని కూర్చోబెట్టారో వెళ్ళి చూడండి. చూసి, ఆమె ఏం విన్నదో అడగండి.'"