కొంగు ముడిలో బెల్లం ముక్క

"అమ్మకి షుగరొచ్చిందిగా అమ్మమ్మా, తాతయ్యకి చేసిపెట్టిన మెంతులపొడి ఎట్లా చెయ్యాలో చెప్పు" అంటావా? చెప్తానే, చెప్పక ఎక్కడికి పోతా. ఆ ఫోనులో రికార్డవుతుందా ఇదంతా? అవనీలే, మీ అమ్మ కూడా వింటుంది. పొడి సంగతి చెప్పాలంటే నేను చేసిన వెధవపనీ చెప్పాలి మరి. అది దానికి కూడా పూర్తిగా తెలీదు.

మీ తాతయ్యకి షుగరు బయటపడింది మిరపకి మంచి రేటొచ్చిన ఏడు. కాదు కాదు, ఆ తర్వాతేడు, పత్తికి పురుగు పట్టిందే, అప్పుడు. బ్రాడీపేటలో డాక్టరు గారు చూసి, షుగరుతోపాటు గుండె కూడా కాస్త వీకుగా ఉందన్నారు. పొద్దున్నే ఒక మాత్ర, వేసుకున్న అరగంటలో తినాలి, పస్తుండకూడదు అని రెండుసార్లు చెప్పారు. మళ్ళీ చూపించుకోటానికెళ్ళినప్పుడు "ఇంట్లో ఇంకేమన్నా వాడుతున్నారామ్మా?" అనడిగితే, ఏం లేదండీ అన్నా. నా మటుకు నాకది అబద్ధం కాదే! మెంతులు మందేంటి, పోపులపెట్టెలో ఉండేవి? వంటింటి సంగతి డాక్టరుకెందుకూ అనుకున్నా.

తెల్లారగానే నానేసిన మెంతులు, ఆ నీళ్ళతో సహా. ఆపైన గ్లాసుడు కాకరకాయ రసం. కిలో ఐదు రూపాయలే అప్పుడు, సంచీ నిండా తెచ్చేదాన్ని. మా పెద్దాడపడుచు, సత్తెనపల్లావిడ, నీకు గుర్తుండదులే, నేరేడు గింజల పొడి పంపేది. గుండెకి మంచిదని వెల్లుల్లి. "బతికిస్తావా, చేదుతోనే చంపుతావా" అనేవాడు మీ తాతయ్య. షుగరు తగ్గిందని రిపోర్టు రాగానే, చూశారా నా మెంతులు అని ఊరంతా చెప్పుకున్నా. మాత్ర ఊసు ఎత్తితే ఒట్టు.

ఆ రోజు కల్లంలో మిరపకాయ ఆరబోసి ఉంది. ఎర్రగా, నేల కనపడకుండా. మీ తాతయ్య మాత్ర మింగాడు, నా రసం తాగాడు, ఇడ్లీ పళ్ళెం ముందు పెట్టా. అప్పుడే పడమట మబ్బు లేచింది. తడిస్తే కాయ ఏమవుద్దో నీకు తెలుసుగా, తెల్లబడి తాలు కింద సగం రేటుకి పోద్ది. పళ్ళెం వదిలేసి పరిగెత్తాడు. నేనూ పరిగెత్తా. కూలీలు, మేము, అందరం కాయ కుప్పచెయ్యటం, పట్టాలు కప్పటం. ఆ ఘాటుకి అందరికీ దగ్గే. ఎంతసేపో తెలీదు, గంట దాటే ఉంటుంది.

చూద్దును కదా, మీ తాతయ్య పట్టా కొస పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. చేతులు వణుకుతున్నాయి. చొక్కా తడిసి ముద్దయింది, ఇంకా ఒక్క చినుకు పడలా. ఏమయ్యా అంటే నా మొహంలోకి చూసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయే తల్లీ! ఘాటు తలకెక్కిందని ఒకడు, వడదెబ్బని ఒకడు. నేను నెత్తిన నీళ్ళు పోస్తున్నా, విసురుతున్నా.

మరియమ్మ అని మాకు కాయ కోతకొచ్చేది. వాళ్ళాయనక్కూడా షుగరే. అది తన సద్ది మూటలోంచి బెల్లం ముక్క తీసి గ్లాసు నీళ్ళలో కలిపి గబగబా తెచ్చింది. నేను దాని చెయ్యి ఒక్క తోపు తోశా. "షుగరోడికి బెల్లం పోస్తావంటే, చంపుదామనా!" అని అరిచా. సగం నీళ్ళు ఒలికిపోయాయి. అదేమందో తెలుసా? "నన్ను తర్వాత కొట్టండమ్మా, ఇప్పుడు అడ్డం లేవండి. అయ్యగారికి షుగరు పడిపోయింది" అని, నన్ను పక్కకి నెట్టి, తలెత్తి పట్టుకుని కొంచెం కొంచెంగా తాగించింది. మింగాడు. ఇంకో గుక్క. నేను మాత్రం ఇక అయిపోయిందనుకుని ఏడుస్తున్నా.

పది నిమిషాలకి వణుకు తగ్గింది. కళ్ళు నిలిచాయి. "కాయ మీద పట్టా కప్పారా?" అన్నాడు. అదే మొదటి మాట, పాడు మనిషి!

ఆ గ్లాసు ఎవరిదనుకున్నావ్? మా గ్లాసులు ముట్టకూడదని మరియమ్మకి మేం చూరులో విడిగా పెట్టిన గ్లాసే. సిగ్గుతో చచ్చిపోయాననుకో. మర్నాటి నుంచీ మరియమ్మ మా గ్లాసులోనే కాఫీ తాగింది.

డాక్టరు గారు బాగానే గడ్డి పెట్టారు. "మెంతులు, కాకర మంచివేనమ్మా, అవీ షుగరు తగ్గిస్తాయి. మాత్రా తగ్గిస్తుంది. పైగా తిండి లేదు, ఎండలో పరుగు. నాతో చెప్పుంటే మాత్ర సరిచేసేవాణ్ణి కదా" అన్నారు. అప్పుడు కక్కాను అన్నీ, వెల్లుల్లితో సహా. మాత్ర తగ్గించారు, మెంతులు కొంచెం ఉంచమన్నారు, అప్పట్నించే పొడి చేసిపెట్టా. ఆ తర్వాత పదేళ్ళు మారాజులా తిరిగాడు.

పొడి అంటావా, దోరగా వేయించి కొట్టుకోవటమే, అదేం బ్రహ్మవిద్య. ముందు మీ అమ్మ డాక్టరుకి చెప్పి రా, అప్పుడు నేనే కొట్టిస్తా. ఇటు రా, చెయ్యి చాపు. ఆ రోజు నుంచీ కొంగున ముడేసుకు తిరుగుతున్నా, ఈ బెల్లం ముక్క మీ అమ్మ బ్యాగులో పెట్టు. అది ఎప్పుడన్నా అట్లా వణికితే, నేనొచ్చి అడ్డం పడి అరిచినా వినబాకు, నన్ను నెట్టేసి దాని నోట్లో పెట్టు... చల్లగా ఉండండే తల్లీ, ఇద్దరూ.