ఆరు కిలోల ఉగాలి పిండి

కెన్యాలోని ఇటెన్. తొలి మారథాన్‌కి రేపు యూరప్ వెళ్లాల్సిన పిల్ల పరుగుల శిబిరం వంటింట్లో పెట్టె సర్దుకుంటోంది. వంటావిడ తెడ్డు పట్టుకుని చూస్తోంది.

"ఏంటే ఆ మూట? పెట్టె మూతే పడట్లేదు."

"మొక్కజొన్న పిండి పిన్నీ. ఆరు కిలోలు."

"ఆరు కిలోలా! నువ్వు వెళ్లేది పరుగుకా, పెళ్లివంటకా?"

"రేసు దాకా పూటపూటా ఉగాలి ముద్దే. ముద్ద పడితేనే తొడల్లో సత్తువ నిలుస్తుందని చెప్పింది నువ్వేగా?"

"చెప్పాను. నేనూ ఒకప్పుడు పరుగుకి అక్కడికెళ్లి మూడు రోజులు ఆకులూ పళ్లూ తిని, ముప్ఫై అయిదో కిలోమీటరు దగ్గర రోడ్డు మీదే కూలబడ్డదాన్ని కాబట్టి చెప్పాను. మరి ఎందులో వండుతావ్?"

"హోటల్ గదిలో టీ కెటిల్ ఉంటుందిగా!"

"కెటిల్లో తెడ్డెలా తిరుగుతుందే? ఉండు, నా చిన్న గిన్నె పట్టుకెళ్లు. అవునూ, నీ బూట్లేవి?"

"అదీ... చోటు చాలక తీసేశా. బూట్లు అక్కడ కొనుక్కోవచ్చు పిన్నీ, ఉగాలి దొరకదుగా!"

"నీ దుంపతెగ! కొత్త బూట్లతో నలభై రెండు కిలోమీటర్లా? తియ్యి, రెండు కిలోలు బయటికి తియ్యి. నవ్వకు!"

"నువ్వూ నవ్వుతున్నావుగా! పిన్నీ... గెలవకపోతే?"

"గెలిచొచ్చినవాళ్లకి విమానం దిగగానే తాగించే పాలు పొద్దున్నే సొరబుర్రలో పులియబెట్టేశా. గెలవకపోతే అంత బుర్రా నేనొక్కదాన్నే తాగాలా?"