దుప్పట్ల గదిలో బిగించిన స్విచ్ గురించి

నా పేరు, చిరునామా మొదటి పేజీలో రాసుకున్నారు. వయసు నలభై రెండు. ఆఫీసుల్లో, దుకాణాల్లో కంప్యూటర్లకు వైర్లు లాగి కనెక్షన్లు ఇవ్వడం నా వృత్తి. బజారులో నన్ను వైర్లాయన అంటారు. ఎనిమిది మంచాల నర్సింగ్ హోములో పనిచేస్తూ, ఇప్పుడు మీ కస్టడీలో ఉన్న నర్సు నా సొంత చెల్లెలు. ఈ సంగతి అన్నిటికంటే ముందు రాయమని నేనే అడిగాను. తర్వాత ఎవరో చెబితే మీకు తెలియడం కన్నా అదే నయం.

ఆమె మీద వచ్చిన ఫిర్యాదు నాకు చదివి వినిపించారు. ఐదో మంచం మీదున్న పెద్దాయనకు గుండె ఆగిపోయింది, అలారం ముప్పై నిమిషాలు మోగినా నర్సు లేవలేదు, అందువల్ల ఆయన చనిపోయారు అని అందులో ఉంది. ఆమె ముందున్న స్క్రీన్‌లో ఆ ముప్పై నిమిషాలూ అలారం మోగలేదు. ఆ స్క్రీన్ ఆగిపోయి ఉంది. ఇది చెప్పడానికే నా అంతట నేను స్టేషనుకు వచ్చాను.

జరిగింది బుధవారం. అంతకు ముందు శనివారం ఉదయం నేను అక్కడ కొత్త స్విచ్ బిగించాను. స్విచ్ అంటే లైటు వేసేది కాదు. పుస్తకమంత పెట్టె. వరుసగా పోర్టులు ఉంటాయి. ఒక్కో మంచం దగ్గరున్న మిషన్ నుంచి ఒక్కో వైరు వచ్చి ఒక్కో పోర్టులో కూర్చుంటుంది. నర్సు బల్ల మీది కంప్యూటరూ, రిసెప్షన్‌లో బిల్లులు వేసే కంప్యూటరూ అందులోకే వస్తాయి. అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఆ పెట్టె ద్వారానే. పాత పెట్టెకు ఎనిమిది పోర్టులే ఉండేవి. మంచాలు పెరిగాక చాలలేదు.

ఈ పెట్టెల్లో రెండు రకాలు. ఒక రకానికి సెట్టింగులు ఉంటాయి. తప్పుడు కనెక్షన్ పడితే అదే గుర్తుపట్టి ఆపుకుంటుంది, ఎప్పుడు ఏం జరిగిందో రాసి పెట్టుకుంటుంది. రెండో రకానికి ఏ సెట్టింగూ లేదు. వైర్లు గుచ్చి కరెంటు ఇస్తే పనిచేస్తుంది. మంచిదే, కాని ఏదీ ఆపదు, ఏదీ గుర్తుపెట్టుకోదు. రెండూ చెప్పాను. నర్సింగ్ హోము మేనేజరు, “గుచ్చితే పనిచేసేది ఉండగా నాకు సెట్టింగులెందుకయ్యా? కూర్చుని దాంతో కబుర్లు చెప్పాలా?” అన్నాడు. రెండో రకమే పెట్టాను. చిన్న చోట్ల నేనూ అదే పెడతాను.

ఎలా బిగించారని అడిగారు. దుప్పట్లు, పక్కబట్టలు దాచే గదిలో, గోడకు చెక్క కొట్టి దాని మీద బిగించాను. నేల కడిగే నీళ్ళు తగలకుండా తల ఎత్తున పెట్టాను. పెట్టె పక్కనున్న గాలి కన్నాలకు దుప్పట్లు ఆనకుండా జానెడు జాగా వదిలాను. సూదులు, కత్తెరలు మరిగించే పాత్ర అవతలి గదిలో ఉంది, ఆవిరి రాదు. కరెంటు వైర్లకు దూరంగా నెట్‌వర్కు వైర్లు లాగాను. ప్లగ్గును బ్యాటరీ బ్యాకప్ ఉన్న సాకెట్‌లో పెట్టి, ఎర్త్ ఉందో లేదో టెస్టరుతో చూశాను. ఒక్కో వైరూ గుచ్చి దాని లైటు వెలిగాకే రెండోది గుచ్చాను. ప్రతి వైరుకూ మంచం నంబరు అంటించాను. ఇందులో దేనికీ నన్ను తప్పు పట్టలేరు. చాలాసార్లు ఆలోచించాను.

తప్పు పట్టగలిగింది ఒకటుంది. తొమ్మిదో మంచం వేసే ఆలోచన ఉంది, దానికీ వైరు ఉంచెయ్ అన్నాడు మేనేజరు. రెండు మీటర్ల వైరు తీసి ఒక కొస పోర్టులో గుచ్చాను. రెండో కొసను చుట్ట చుట్టి దారంతో కట్టి చెక్క కింద వేలాడదీశాను. ఆ కొస గాలిలో ఉన్నంతసేపు ఏమీ కాదు. దాన్ని కూడా అదే పెట్టెలో గుచ్చితే, ఒకే వైరు రెండు కొసలూ ఒకే పెట్టెలోకి పోతాయి. అప్పుడు ఒకచోట బయల్దేరిన సమాచారం తిరిగి అక్కడికే వస్తుంది, మళ్ళీ బయల్దేరుతుంది, ప్రతిసారీ పెరుగుతుంది. కొన్ని క్షణాల్లో పెట్టె నిండిపోతుంది. ఇక ఎవరి మాటా ఎవరికీ చేరదు.

నేను పనిచేస్తుంటే ఆయమ్మ దుప్పట్లు మడతపెడుతోంది. గదులు ఊడ్చి, పక్కలు మార్చే ఆవిడ. అరవై దాటి ఉంటాయి. పెట్టె వంక చూసి, “ఇన్ని నోళ్ళున్నాయి, ఒక్కటీ మాట్లాడదేం? మా మేనేజరుకు ఒక్కటే నోరు, పొద్దున తెరిస్తే సాయంత్రం దాకా మూయడు” అంది. నవ్వాను. “ఎప్పుడైనా వైరు ఊడిపోతే ఏ కన్నంలో పెట్టాలి నాయనా?” అని అడిగింది. “ఏ కన్నంలో పెట్టినా ఒకటేనమ్మా” అన్నాను. ఈ రకం పెట్టె విషయంలో అది నిజం. ఊడిన వైరు విషయంలో నిజం. ఆ వేలాడే కొస గురించి నేను ఆమెకు చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

బుధవారం సాయంత్రం నాలుగింటికి తనిఖీ అధికారులు వస్తారని, ఎక్కడా ఏదీ వేలాడకూడదని, నేల మీద ఏదీ ఉండకూడదని మేనేజరు మధ్యాహ్నం అందరికీ చెప్పాడట. ఆయమ్మ పక్కగదుల్లో కర్టెన్లు బిగించింది, చీపుళ్ళు దాచింది, దుప్పట్ల గది సర్దింది. ఆ వేలాడే కొసను తన చేత్తో పెట్టెలో పెట్టానని తర్వాత తనే నాకు చెప్పింది. సుమారు రెండుంబావు అయి ఉంటుందంది. రోగుల భోజనం పళ్ళేలు తీసేసిన తర్వాత అని గుర్తు.

రెండు యాభైకి రిసెప్షన్ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. “అన్నా, బిల్లు కదలట్లేదు. మనుషులు నెత్తిన కూర్చున్నారు” అంది. వెళ్ళేసరికి మూడు పది దాటింది. ముందు హాల్లో నర్సు బల్ల దాటుకునే పోవాలి. చెల్లెలు రెండో మంచం ఆవిడ వాంతి చేసుకుంటే పక్క మార్చి వచ్చి చేతులు తుడుచుకుంటోంది. “ఏరా అన్నయ్యా, పిలవకుండా వచ్చావ్, జీతం పెంచారా?” అంది. బిల్లు ఆగిందట అన్నాను. స్క్రీన్ నాకు కనబడింది. ఎనిమిది గళ్ళు, ఎనిమిది అంకెలు. ఆ కంప్యూటర్లో గుండె గీతలు రావు, అంకెలు మాత్రమే వస్తాయి, కొత్తవి రాకపోతే పాతవే అలాగే నిలిచి ఉంటాయి. ఐదో గడిలో ఎనభై నాలుగు ఉంది. ఆకుపచ్చగా ఉంది. అది నేను నా కళ్ళతో చూశాను.

దుప్పట్ల గదిలోకి వెళ్ళాను. పెట్టె మీది లైట్లన్నీ ఒకేసారి, ఆగకుండా, పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటున్నాయి. మామూలుగా ఒక్కోటీ దాని దారిన అది మిణుకుమంటుంది. చూడగానే అర్థమైంది. వేలాడే కొస వేలాడటం లేదు. చక్కగా, నిటారుగా, పక్క పోర్టులో కూర్చుని ఉంది. దారం విప్పి మడతపెట్టి పెట్టె మీద పెట్టి ఉంది.

దాన్ని లాగేశాను.

ఫోటో తీసుకోలేదు. ఎవరినీ పిలవలేదు. ఈ పనిలో ఎవరైనా అదే చేస్తారు. నీళ్ళు కారుతుంటే ముందు కుళాయి కడతాం కదా. లైట్లు సర్దుకున్నాయి. వైరును చుట్ట చుట్టి సంచిలో వేసుకున్నాను. అయిపోయింది, త్వరగానే అయింది అనుకున్నాను కూడా. అప్పుడు హాల్లో అలారం మొదలైంది. చెల్లెలు ఐదో గది వైపు పరుగెత్తడం వినిపించింది. మంచం దగ్గరి మిషన్ రెండు నలభై ఒకటి నుంచి అలారం కొడుతోందని తర్వాత తేలింది. బల్ల మీదికి స్క్రీన్ వచ్చాక, రోగులకు నిద్ర పట్టడం లేదని మంచాల దగ్గరి శబ్దాలు బాగా తగ్గించారు. అందరూ స్క్రీన్ మీదే ఆధారపడ్డారు. ఐదో గది తలుపు మూసి ఉంది.

డాక్టరు వచ్చేసరికి, మేనేజరు వచ్చేసరికి, పెద్దాయన కూతురు వచ్చేసరికి స్క్రీన్ మీద ఐదో గడి ఎర్రగా ఉంది, సున్నా ఉంది, అలారం మోగుతోంది. వాళ్ళందరూ చూసింది అదే. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కూతురు చెల్లెలి భుజాలు పట్టుకుని, “నన్ను టీకి పంపావు కదే! నాన్నకి బానే ఉంది, వెళ్ళి తాగి రా అన్నావు కదే!” అంది. చెల్లెలు, “ఎనభై నాలుగు ఉందమ్మా, ఎనభై నాలుగే ఉంది” అంటూ ఉంది. అదే మాట. ఎవరు ఏం అడిగినా అదే మాట. నేను కల్పించుకుని పెట్టె గురించి చెప్పబోయాను. మేనేజరు, “నువ్వు బిల్లు సంగతి చూడవయ్యా” అన్నాడు.

ఆఫీసరు గారు నన్ను రుజువులు అడిగారు. నా దగ్గర ఉన్నది ఈ వైరు ఒక్కటే. బల్ల మీద పెట్టాను. “ఇలాంటివి మీ దుకాణంలో ఎన్నున్నాయి?” అని అడిగారు. ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయని చెప్పాను. అది నిజమే.

పెట్టెలో ఏమైనా నమోదై ఉంటుందా అని అడిగారు. ఉండదు. పైన చెప్పాను, అది ఏదీ గుర్తుపెట్టుకోదు. బల్ల మీది కంప్యూటర్లో పాత అంకెలు దాచే ఏర్పాటు లేదు. బిల్లులు ఆగాయి కాబట్టి రిసెప్షన్ అమ్మాయి సాక్ష్యం ఉంది కదా అన్నాను. ఆమె బిల్లు ఆగిందని మాత్రమే చెప్పింది, స్క్రీన్ సంగతి తనకు తెలియదంది. ఆమె చెప్పింది సరైనదే, ఆమె అక్కడ లేదు. బిల్లు వారానికి రెండుసార్లు ఆగుతూనే ఉంటుందని మేనేజరు రాసిచ్చాడు. అదీ నిజమే.

అదే పెట్టెలో అదే వైరు మళ్ళీ గుచ్చి చూపిస్తానన్నాను. గురువారం ఉదయానికే వేరే మనిషిని పిలిచి, సెట్టింగులున్న కొత్త పెట్టె పెట్టించారు. పాతది ఎక్కడుందో తెలియదన్నారు. అలాంటి పెట్టె ఇంకొకటి తెచ్చి ఇక్కడే, మీ బల్ల మీదే చూపిస్తానన్నాను. “అలా జరగొచ్చని తెలుస్తుంది. జరిగిందని ఎలా తెలుస్తుంది?” అన్నారు ఆఫీసరు గారు. స్క్రీన్ ఆగిపోవడం చూసిన మనుషులు ఇద్దరు. ఒకరు ముద్దాయి. ఇంకొకరు ముద్దాయి అన్న.

నిన్న చెల్లెలిని పది నిమిషాలు చూడనిచ్చారు. “అన్నయ్యా, నాకు నిజం చెప్పు. నేను నిద్రపోయానా? అందరూ అలారం మోగిందంటున్నారు. నాకే వినపడలేదేమో. నాకు మతిపోతోంది” అంది. మోగలేదని చెప్పాను. “నువ్వు నన్ను ఓదార్చడానికి అంటున్నావు” అంది. కాదన్నాను. నమ్మలేదు. చిన్నప్పటి నుంచీ ఏడుస్తుంటే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టడం నా అలవాటు. అది ఆమెకు తెలుసు.

ఆ కొసను ఎవరు పెట్టారని ఆఫీసరు గారు మూడుసార్లు అడిగారు. రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి ఆయమ్మ పేరు చెప్పాను. ఆమె ఒప్పుకుంటే చెల్లెలికి నాది కాని సాక్ష్యం ఒకటి దొరుకుతుంది. ఆమె ఒప్పుకుంటే ఆమె మీద ఏం రాస్తారో నాకు తెలియదు. మీరూ చెప్పలేదు. ఆమెకు కావాలని చేసే గుణం లేదు. ఆ కొసను వేలాడదీసింది నేను, ఎక్కడ పెట్టినా ఒకటే అన్నది నేను. ఇది కూడా రాయమన్నాను. రాశారు.

ఆయమ్మను పిలిపించారు. ఇప్పుడు బయట బల్ల మీద కూర్చుని ఉంది. చెల్లెలి కోసం అన్నం డబ్బా తెచ్చింది. నన్ను చూసి లేచి, “పోలీసులు నన్నెందుకు పిలిచారు నాయనా? నాకేం మాట్లాడాలో తెలీదు. నువ్వేం చెప్పమంటే అది చెబుతా. నర్సు పాప బయటికి రావాలంతే” అంది.

“జరిగింది జరిగినట్టు చెప్పమ్మా” అన్నాను.

“ఏం జరిగిందని?”

“ఆ వైరు పెట్టావు కదా, అది.”

“అదా! ఓస్, అదేం సంగతి? వేలాడుతుంటే సర్దాను. బాగా పెట్టానా?” అంది.

లోపలికి రమ్మని కానిస్టేబుల్ పిలిస్తే వచ్చేశాను. ఆమె ఇంకా అక్కడే ఉంది. నా తర్వాత వంతు ఆమెదే.

పైన ఉన్నదంతా నేను నోటితో చెప్పగా రాసుకున్నారు, తిరిగి నాకు చదివి వినిపించారు. ఒకచోట “ఆయా వైరును తప్పుగా పెట్టినది” అని ఉంది. “తప్పుగా” అన్న మాట నేను చెప్పలేదు, కొట్టేయమన్నాను, కొట్టేశారు, పక్కన పొట్టి సంతకం పెట్టాను. మిగిలినది నాకు తెలిసినంత వరకు నిజం. ఎవరి ఒత్తిడీ లేదు.

(సంతకం)