ఒకే మీటరు కింద తొమ్మిది సంసారాలు: క్లెమెన్సియా మెన్హీవర్ గారి పదవీ విరమణ వేళ

1985 ఫిబ్రవరి నాలుగో తేదీ సోమవారం ఉదయం, శాంతా ఆనా నగరంలోని ప్రభుత్వ ధాన్య విక్రయశాలలో కనిష్ఠ గుమాస్తాగా శ్రీమతి క్లెమెన్సియా మెన్హీవర్ గారు బాధ్యతలు స్వీకరించారు. అప్పటికామెకు ఇరవై ఒక్క ఏళ్లు. దేశంలో యుద్ధం నడుస్తోంది, దుకాణం ముందు వరుస సాగుతోంది, లోపలున్న బస్తాలు ఆ వరుసకు సరిపోయేలా లేవు. మొదటి రోజున ఆమె గుండెలో పుట్టిన గుబులు ఉద్యోగంతో పాటే పెరిగి పెద్దదైంది. ఈ మార్చి ఇరవై తొమ్మిదిన పదవీ విరమణ చేయనున్న ఈ తరుణంలో కూడా, సన్మాన సభకు ఎవరెవరు వస్తున్నారని ఆమె ఒక్కసారైనా అడగలేదు. తరువాతి సోమవారం ఆ కిటికీ వెనుక ఎవరు కూర్చుంటారనే అడుగుతున్నారు.

విక్రయశాలలో మొక్కజొన్నలు, ఎర్ర చిక్కుడు గింజలు బజారు ధర కంటే తక్కువకు లభించేవి. కొన్నవారు దీవించి వెళ్తారని యువ గుమాస్తా ఆశించడం సహజం. కానీ ఒకనాడు ఓ పెద్దావిడ సంచి బల్ల మీద పడేసి, "గింజలు చవకే తల్లీ, కట్టెలకే ఇల్లు గుల్లవుతోంది. పొద్దున పొయ్యి మీద పెడితే సాయంత్రానికి కూడా రాళ్లలాగే ఉన్నాయి" అని కడిగిపారేసింది. క్లెమెన్సియా గారు చిన్నబుచ్చుకోలేదు. పిడికెడు గింజలు ఇంటికి పట్టుకెళ్లి ఉడకబెట్టి చూశారు. గోదాములో ఏళ్ల తరబడి ముక్కిన ఆ గింజలు ఎంతకీ మెత్తబడలేదు. తిండి మీద ప్రభుత్వం ఇచ్చిన ఉపకారాన్ని పొయ్యి తినేస్తోందని ఆమెకు ఆనాడు అర్థమైంది. పై అధికారులకు విన్నవించినా ప్రయోజనం శూన్యం కావడంతో, గింజలు తూచి ఇస్తూ ప్రతి ఒక్కరికీ ముందు రోజు నానబెట్టుకోమని చెప్పడం మొదలుపెట్టారు. వరుస ఆలస్యమవుతోందని అధికారి విసుక్కున్నా ఆ మాట మానలేదు.

యుద్ధం ముగిసిన తరువాత వచ్చిన తొలి సంస్కరణల గాలికి విక్రయశాల మూతపడింది. ధరల తనిఖీ విభాగంలోనూ, అనంతరం వంటగ్యాసు రాయితీ సహాయ కేంద్రంలోనూ ఆమె తమ విధ్యుక్తధర్మాన్ని నిర్వర్తించారు. గుమాస్తా హోదా నుండి పర్యవేక్షకురాలి హోదాకు ఎదిగే క్రమంలో ఆమె అందుకున్న ప్రశంసాపత్రాలను ఇక్కడ ఏకరువు పెట్టబోవడం లేదు. అవి ఎక్కడున్నాయో ఆమెకే తెలియదు.

2011లో గ్యాసు సిలిండరు ధర ఒక్కసారిగా రెండింతలు దాటింది. రాయితీ రద్దు కాలేదు, దారి మారింది. అంతవరకు సిలిండరు కొన్న ప్రతివారికీ, ఖరీదైన హోటలు యజమానికీ, సరిహద్దు దాటించి గ్వాటెమాలాలో అమ్ముకునే దళారికీ, కట్టెల పొగనుంచి అప్పుడే బయటపడిన పేద ఇల్లాలికీ సమానంగా అందిన ప్రజాధనం, ఇకమీదట అర్హులైన కుటుంబాలకు మాత్రమే, కరెంటు బిల్లులో తగ్గింపు రూపంలో అందుతుందని ప్రకటన వెలువడింది. ఈ ఆలోచనను క్లెమెన్సియా గారు మనస్ఫూర్తిగా సమర్థించారు. ఉన్నవాడి పొయ్యికి లేనివాడెందుకు ఊదాలని ఆమె వాదించేవారు. అయినా ఆ వారమంతా ఆమెకు సరిగా తిండి సహించలేదని భర్త రఫాయెల్ గారు ఇప్పటికీ చెబుతుంటారు. ధర ముందు పెరుగుతుంది, సాయం తరువాత వస్తుంది, ఆ రెంటి నడుమ వంట ఎలా సాగాలన్నదే ఆమె బెంగ.

ఆ బెంగ నిజమైంది. మా కేంద్రానికి నాలుగు వీధుల అవతల ఓ పాత మెసోన్ ఉంది. నడుమ వాకిలి, చుట్టూ తొమ్మిది గదులు, గదికొక సంసారం, అందరికీ కలిపి ఒకే కుళాయి, ఒకే కరెంటు మీటరు. ఆ వాకిలి గుమ్మంలో పుపూసాలు కాల్చి అమ్మే విక్టోరియా గారిని ఊరంతా గౌరవంగా నీన్యా తోయా అనే పిలుస్తుంది. చీజు, లొరోకో మొగ్గలు కూరి ఆమె కాల్చిన మొక్కజొన్న రొట్టె రుచి ఈ సంచిక చదివే సహోద్యోగుల్లో చాలామంది ఎరిగినదే. ఆమె బతుకంతా ఆ పెద్ద పెనం, దాని కింద మండే గ్యాసు. ఒకరోజు ఆమె మా కిటికీ దగ్గరికి వచ్చారు. క్లెమెన్సియా గారు ఆమెకు నీన్యా మెంచా.

"నీన్యా మెంచా, మా తొమ్మిది ఇళ్లకీ కలిపి ఒక్క బిల్లే వస్తుంది. ఆ తగ్గింపు ఎవరి పేరున పడిందో వాళ్లకే పోయింది. నా గ్యాసు సంగతేంటి?"

ఒక మీటరు అంటే ఒక కుటుంబమని రాజధానిలో ఎవరో నిశ్చయించారు. మెసోన్‌లో కాపురమున్నవారెవరూ ఆ బల్ల చుట్టూ లేరని స్పష్టం. క్లెమెన్సియా గారు వెంటనే విన్నపం పంపించి, "తనిఖీకి మనిషి వస్తాడు తోయా. అప్పటిదాకా గుమ్మం బయట అమ్మకం ఆపి, తలా కొంచెం వేసుకుని ఒక్క సిలిండరు కొనుక్కోండి. వంతులవారీగా ఒకే పొయ్యి మీద వండుకోండి" అని సలహా చెప్పారు. సదుద్దేశంతో, సమయోచితంగా ఇచ్చిన ఆ సలహాయే అందరి కొంప ముంచబోతుందని ఆమె కలలో కూడా ఊహించలేదు.

తనిఖీ అధికారి రెండెరోస్ గారు మర్యాదస్తులు, చదువుకున్నవారు, ప్రతి గదీ తొంగి చూసే ఓపిక ఉన్నవారు. పెద్దమనిషి వస్తున్నాడని మెసోన్ ఆడవాళ్లు వాకిలి కడిగారు, పిల్లలకు తల దువ్వారు, ఒకరినొకరు వదినా, అక్కా అని పిలుచుకున్నారు, అందరూ కలిసి ఆయనకు పుపూసాలు కాల్చిపెట్టారు. ఆయన తృప్తిగా తిని, వాకిట్లో మండుతున్న ఒకే ఒక పొయ్యిని చూసి, గదులు తొమ్మిది, వంట ఒకటి, కనుక కుటుంబం ఒకటి అని నిర్ణయించి వెళ్లిపోయారు.

ఆ నిర్ణయం మా కేంద్రానికి చేరిన ఉదయం క్లెమెన్సియా గారు ఆ కాగితం చేతిలోంచి దించలేదు. "ఒకే పొయ్యి మీద వండుకోమన్నది నేను. నా నోటితో నేనే వాళ్లను ఒక కుటుంబం చేశాను" అని పదే పదే అన్నారు. పక్క బల్ల నుంచి లూర్దెస్ గారు, "పోనీలెండి మేడం, ఇంకో విన్నపం పెడదాం" అని ఊరడించబోతే, "అది కదిలేలోపు తోయా ఏం తింటుంది?" అని గద్దించారు. ఆ రోజే బస్సెక్కి రాజధానికి వెళ్లి, రెండెరోస్ గారి కార్యాలయం ముందు కూర్చుని, ఆయన బయటికి వచ్చేదాకా కదల్లేదు.

"మళ్లీ ఒకసారి రండి సార్. ఈసారి చెప్పకుండా రండి. రొట్టెల వేళకి రండి."

ఆయన వచ్చారు. మధ్యాహ్నం వాకిట్లో వంతుల రద్దీ జోరుగా ఉంది. ఎవరి పిండి గిన్నె వారి చంకలో ఉంది. క్లెమెన్సియా గారూ ఆయనా గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"నీ చిక్కుళ్లు దింపవే! ఎక్కించి ఎంతసేపయింది? గ్యాసంతా నీ అత్తగారి సొమ్మా?"

"నిన్న నీ మొగుడికి స్నానానికి నీళ్లు కాచినప్పుడు గుర్తురాలేదా ఆ మాట?"

"అమ్మో, చూడండే! గుక్కెడు నీళ్లు వెచ్చబెడితే దండోరా వేస్తోంది!"

రెండెరోస్ గారు ఇబ్బందిగా నవ్వి, "ఒక ఇంట్లో వాళ్లు కూడా ఇలా పోట్లాడుకుంటారు కదమ్మా" అన్నారు. ఆయన అన్నది నిజమే, తమ ఇంట్లో తోడికోడళ్ల సంగతి క్లెమెన్సియా గారికి తెలుసు. ఇక చేయగలిగిందేమీ లేదని ఆమె వెనుదిరగబోయారు. అంతలో ఒక చిన్న వయసు ఇల్లాలు వచ్చి తోయా గారి చేతిలో కప్పు పెట్టింది.

"ఇదుగో నీ ఉప్పు. మొన్నటిది."

"వెలితిగా ఇచ్చావు కదే, నేను నిండా పోశాను" అన్నారు తోయా గారు కప్పులోకి చూసి.

రెండెరోస్ గారి నవ్వు ఆగిపోయింది. ఆయన కాసేపు ఆ కప్పునే చూశారు. "మా ఇంట్లో ఎవరూ ఉప్పు అప్పు తీర్చరు" అన్నారు మెల్లగా. ఆ తరువాత గది గదికీ తిరిగి, ఎవరి ఉప్పు డబ్బా ఎక్కడుందో అడిగి చూశారు. తొమ్మిది గదుల్లోనూ వేరువేరుగా దొరికింది. తొమ్మిది కుటుంబాలకూ విడివిడిగా, కరెంటు బిల్లుతో పని లేని సహాయ కార్డులు మంజూరు కావాలని ఆయన సిఫారసు చేశారు. పొరపాటును ఒప్పుకోవడానికి వెనుకాడని ఆ అధికారికి కూడా ఈ సందర్భంగా కృతజ్ఞతలు తెలుపుకోవడం మా కర్తవ్యం.

అభినందన వ్యాసం ఇక్కడితో ఆపితే సొగసుగా ఉండేది. కానీ క్లెమెన్సియా గారికి అబద్ధం గిట్టదు. కార్డులు మంజూరై, ముద్రణై, మెసోన్‌కు చేరేసరికి వానాకాలం సగం గడిచింది. ఆమె స్వయంగా పట్టుకెళ్లారు. తోయా గారి గుమ్మంలో పెనం లేదు. అంతకు కిందటి వారమే దాన్ని, పొయ్యితో సహా, పక్క ఊరివాళ్లకు అమ్మేశారు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది నీన్యా మెంచా, నా పేరు తప్పుల్లేకుండా వేశారు" అన్నారు. ఆనాటి నుంచి తోయా గారు బజారులో మరొకరి పెనం దగ్గర కూలికి రొట్టెలు కాలుస్తున్నారు.

ఆ సంఘటన అనంతరం క్లెమెన్సియా గారు పని తీరే మార్చుకున్నారు. విన్నపం కిటికీకి వచ్చిన రోజే సాయంత్రంలోగా ఆ ఇంటికి వెళ్లడం, అదీ వంట వేళకు వెళ్లడం నియమంగా పెట్టుకున్నారు. ఎన్నో మెసోన్లు, ఎన్నో ఉమ్మడి మీటర్ల ఇళ్లు ఆమె కాళ్లరిగిన ఫలితంగా వేరుపడి లెక్కకెక్కాయి. ఎండలో తిరిగి రక్తపోటు తెచ్చుకున్నారని రఫాయెల్ గారు మా అందరి మీదా కోపంగా ఉన్నారు. ఆ కోపం న్యాయమైనదే.

గతవారం ఒక ఉత్తర్వు వచ్చింది. లబ్ధిదారులందరినీ తిరిగి పరిశీలించాలి, మీటరు ప్రాతిపదికగా జాబితాలు సరిచేయాలి, పని వచ్చే సోమవారం నుంచే ఆరంభించాలి. అది చదివి క్లెమెన్సియా గారు తన స్థానంలోకి రానున్న యానిరా గారిని వెంటబెట్టుకుని, రొట్టెల వేళకు అదే మెసోన్‌కు వెళ్లారు. సెలవు రోజు కావడంతో తోయా గారు కూడా వాకిట్లోనే ఉన్నారు. ఉత్తర్వు సంగతి అందరికీ చెప్పారు.

"మళ్లీ మొదటికా?" అందొక గొంతు.

"నేను శుక్రవారం దాకానే ఉంటాను తోయా. ఆ తరువాత నా మాటకి విలువ ఉండదు" అన్నారు క్లెమెన్సియా గారు.

తోయా గారు యానిరా గారిని ఎగాదిగా చూసి, స్టూలు లాగి కూర్చోబెట్టి, తరువాత క్లెమెన్సియా గారి వైపు తిరిగారు. "నా పెనం పోయింది. పోనీ, తప్పు మీది కాదు. ఈ పిల్ల నేర్చుకుంటుంది, కానీ నేర్చుకునేలోపు ఇంకొకరి పెనం పోకూడదు. ఉద్యోగం మానండి, పర్లేదు. జబ్బు మాత్రం పడకండి. మేం తొమ్మిది ఇళ్లవాళ్లమని కళ్లారా చూసినవాళ్లు ఒక్కరైనా బతికుండాలి కదా!"

సహోద్యోగులుగా మేము ఎన్నో సన్మానపత్రాల్లో దీర్ఘాయుష్షును ఆకాంక్షించాం. అది అలవాటుగా రాసే వాక్యం. ఈసారి భయంతో రాస్తున్నాం. క్లెమెన్సియా గారూ, మందులు వేళకు వేసుకోండి, ఎండలో తిరగకండి, రఫాయెల్ గారి మాట వినండి. ఆయురారోగ్యాలతో చిరకాలం మా మధ్యనే, ఈ ఊళ్లోనే ఉండండి. సోమవారం పొద్దున వరుసలో మొదటి మనిషి మీ పేరే అడుగుతుంది, ఏం చెప్పాలో మాకింకా తోచలేదు.